మీడియం వేవ్‌లో మా అత్త పాట

అరసవల్లి వెళ్ళే రోడ్డులో నాకో చిన్న కొట్టు ఉంది. బోర్డు మీద సెల్‌ఫోన్ రిపేరు అని రాయించాను గానీ నేను పని నేర్చుకున్నది రేడియోల మీద. లోపలి అరలో ఇప్పటికీ ఏడెనిమిది సెట్లు ఉంటాయి. ఆదివారం గుడికి వచ్చే జనంలో ఎవరో ఒకరు వాటిని చూసి ఆగి, "ఇవి ఇంకా పలుకుతాయా?" అని అడుగుతారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పలకని వస్తువును అరలో పెట్టుకుని నేను పూజ చేయాలా?

కొందరు నిజంగానే కొనడానికి వస్తారు. వాళ్ళు అడిగేది ఒక్కటే, ఏ రేడియో మంచిదని. ఆ ప్రశ్న చెవిన పడగానే మా ఆవిడ వంట ఉందంటూ లోపలికి వెళ్ళిపోతుంది. నా జవాబు ఆవిడకు కంఠతా వచ్చు.

మీడియం వేవ్ దూరం పోతుందని మొదలుపెడతాను. కొండ అడ్డమొచ్చినా నేలను పట్టుకుని అవతలికి చేరుతుంది. విశాఖలో మాట్లాడితే వంశధార ఒడ్డున వినబడుతుంది. కాకపోతే దారిలో ఉన్న రొద అంతా దానికి అంటుకుంటుంది. ఎల్ఈడీ బల్బు వేస్తే బుర్రుమంటుంది, ఫోన్ ఛార్జర్ పెడితే కీచుమంటుంది, ఎక్కడో మెరుపు మెరిస్తే ఇక్కడ పటపటమంటుంది. సెట్టును కాస్త అటూ ఇటూ తిప్పుకోవాలి. ఒకవైపు తిప్పితే గొంతు దగ్గరికొస్తుంది, ఇంకోవైపు తిప్పితే సన్నగిల్లిపోతుంది. పైకి లాగే ఏరియల్‌కూ మీడియం వేవ్‌కూ ఏ సంబంధమూ లేదు. లోపల ఉండే నల్ల కడ్డీ, దానికి చుట్టిన సన్న తీగ, అవే దాని చెవులు. ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను, జనం ఏరియల్ లాగడం మానలేదు.

ఎఫ్ఎం శుభ్రంగా ఉంటుంది. పాడే మనిషి ఊపిరి తీసుకున్నా తెలుస్తుంది. కానీ దానికి టవరు కనబడాలి. మధ్యలో కొండ వచ్చిందా, అలిగి కూర్చుంటుంది. శ్రీకాకుళంలో గలగలా పలికేది నరసన్నపేట దాటాక గింజుకోవడం మొదలుపెడుతుంది. అది ప్రభుత్వం వాళ్ళది. ప్రైవేటు ఎఫ్ఎంల సంగతి వేరు. చీపురుపల్లిలో మా బావగారి మేడ మీద ఏరియల్ పూర్తిగా లాగితే విశాఖ స్టేషన్ ఒకటి అందుతుంది. ఆయన దాన్ని సాయంత్రమంతా పెట్టి ఉంచుతాడు. ఇద్దరు కూర్చుని వాళ్ళ మాటకు వాళ్ళే నవ్వుకుంటారు. పాటకూ పాటకూ మధ్య అర సెకను ఖాళీ వస్తే ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికొచ్చినట్టు కంగారు పడిపోతారు. ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా నేను మేడ ఎక్కకుండా కింద వరండాలోనే కూర్చుంటాను. అల్లుడికి కోపం వచ్చిందేమోనని మా ఆవిడ తల్లి ఒకసారి కంగారు పడింది కూడా.

షార్ట్ వేవ్ మా నాన్నతోనే పోయింది. సెట్టు మీద ఆ అంకెలు ఇంకా ఉన్నాయి గానీ ముల్లు అక్కడికి తిప్పితే ఇప్పుడు గాలి చప్పుడే వస్తుంది.

ఇక ఫోన్‌లో వచ్చే రేడియో. దాని మీద నాకు మొదటినుంచీ అనుమానమే. రేడియో అన్నాక ఎవరు వింటున్నారో దానికి తెలియకూడదు. మనం పెట్టుకుంటే పలకాలి, కట్టేస్తే ఊరుకోవాలి. ఈ యాప్ అలా కాదు, పేరు అడుగుతుంది, ఊరు అడుగుతుంది, మధ్యలో డేటా అయిపోయిందంటుంది. పైగా ఆలస్యం. ఒకరోజు కొట్లో సెట్టునూ ఫోనునూ పక్కపక్కన పెట్టి ఒకే స్టేషన్ పెట్టాను. సమయం పన్నెండున్నర అని సెట్టు చెప్పింది. ఫోను అదే మాట తీరిగ్గా నిమిషం పైన ఆగి చెప్పింది. టైము చెప్పడానికి కూడా ఆలస్యంగా వచ్చే రేడియో ఎందుకని అప్పటినుంచీ దాన్ని 'పాచి రేడియో' అనే పిలిచేవాణ్ణి.

ఇంత తెలిసినవాణ్ణి కదా అని నా గురించి నాకు బాగా గొప్పగా ఉండేది. మొన్నటి ఉభాల దాకా.

ఉభాలంటే మా వైపు వరి నాట్లు. మా మేనత్తది శ్రీముఖలింగం దగ్గర పల్లె. పన్నెండు మంది ఆడవాళ్ళ జట్టు ఆవిడది. బదులు పని చేసుకుంటారు, అంటే ఈ రోజు అందరూ కలిసి ఒకరి మడిలో, రేపు అందరూ కలిసి ఇంకొకరి మడిలో. జట్టుకు పాట ఎత్తేది మా అత్తే. ఆవిడ ఒక ముక్క ఎత్తుతుంది, మిగతా పదకొండు మందీ అదే ముక్కను తిరిగి అంటారు. ఆవిడ ఎత్తుతుండగా మొక్కలు విడదీస్తారు, తిరిగి అంటూ నాటుతారు. పాట సాగితే వరస సాగుతుంది. వినోదానికి పాడుకుంటున్నారని గట్టు మీద నిలబడి చూసేవాళ్ళు అనుకుంటారు. నడుం వంచి చూస్తే తెలుస్తుంది, ఆ పాట లేకపోతే మధ్యాహ్నానికి ఎవరి అడుగు ఎక్కడ పడుతుందో వాళ్ళకే తెలియదు.

పోయిన ఏడాది పని పాటల మీద కార్యక్రమం చేస్తున్నామని రేడియో వాళ్ళు ఊళ్ళోకి వచ్చారు. అత్త కబురు చేస్తే నేనూ వెళ్ళాను. మడిలోకి దిగి రికార్డు చేయడం కుదరదని, గాలి చప్పుడు పడుతుందని, ఆవిడను ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి ముందు మైకు పెట్టారు. జట్టులో మిగతావాళ్ళు సిగ్గుపడి పక్కింటి గుమ్మం దాటి రాలేదు. అత్త ఒక్కర్తే పాడింది. ఒక ముక్క ఎత్తడం, ఆగడం. ఇంకో ముక్క ఎత్తడం, ఆగడం.

రికార్డు చేస్తున్న ఆయన ఆపి, "మధ్య మధ్యలో ఎందుకు ఆగిపోతున్నారమ్మా?" అని అడిగాడు.

"ఆల్లు అనాల కదా బావూ."

"ఇక్కడ వాళ్ళు లేరు కదమ్మా."

"నేకపోతే మాత్రం? ఆల్లు అనకుండా నాను రెండోది ఎలగ ఎత్తుతాను?"

ఆయన నవ్వి, సరే మీ ఇష్టం వచ్చినట్టే పాడండి, ఆ ఖాళీలు మేం తరవాత కత్తిరించుకుంటాం అన్నాడు. రేడియోలో ఖాళీ ఉండకూడదట. నేను తల ఊపాను. ఆ మాటను పట్టించుకోవాల్సింది, పట్టించుకోలేదు.

తరవాత చలికాలంలో అత్తకు మెడ దగ్గర గ్రంథి పెరిగి ఆపరేషన్ అయింది. ఆపరేషన్ బాగానే జరిగింది, మనిషి పదిరోజుల్లో లేచి తిరిగింది. గొంతు మాత్రం బొంగురుపోయింది. ఒక్కోసారి అలా అవుతుందని, కొన్నాళ్ళకు సర్దుకోవచ్చని, మాట్లాడుతూ పాడుతూ ఉంటే మంచిదని డాక్టరు గారు చెప్పారు. అత్త మాట్లాడడం తగ్గించి, పాడడం మానేసింది. ఎవరైనా కదిపితే పెదాలు బిగించి తల అడ్డంగా ఊపేది. ఒకప్పుడు నాలుగు మళ్ళ అవతలున్న మనిషిని నిలబడ్డ చోటునుంచే పిలిచిన ఆడది. ఇప్పుడు పక్కన కూర్చున్న మనిషికి చెప్పాలన్నా భుజం తట్టి చెప్పాల్సిందే.

ఈ ఏడు ఉభాలు మొదలయ్యాయి. అత్త జట్టుతో పాటే దిగింది, అందరిలాగే నాటింది, పాట మాత్రం ఎత్తలేదు. ఆవిడ తోడికోడలు, నాకు చిన్నత్త, రెండు రోజులు తాను ఎత్తి చూసిందట. ముక్క మధ్యలో నవ్వొచ్చి ఆగిపోయేదట. మూడో రోజునుంచి జట్టు పాట లేకుండానే నాటింది.

అప్పుడు అత్త నాకు ఫోన్ చేసింది. లైను సరిగ్గా లేదేమో అనుకుని రెండుసార్లు హలో అన్నాను. గొంతే అది.

"ఒరే అల్లుడా, మంగలారం మద్దినేల నా పాట ఏత్తారట్రా. ఆల్లు ఫోన్ సేసి సెప్పినారు. నాకు ఇనిపించాల నువ్వు."

"దానికేముందత్తా, అక్కడ ఎవరి ఫోనులోనైనా..."

"ఫోనూ గీనూ నాకు తెల్దు. నా గొంతు ఎలగుండీదో ఒక్కపాలి ఇనాల. అంతే. నానెప్పుడూ ఇన్నేదు కదరా. పాడినాను గానీ ఇన్నేదు. ఇప్పుడది పోనాది."

"ఎక్కడికి పోతుంది అత్తా, వస్తుంది, డాక్టరు చెప్పారు కదా."

"నాకు తెల్దేటి," అంది ఆవిడ. ఫోను పెట్టేసింది.

ఆ రోజంతా నా చేతికి పని సాగలేదు. చిన్నప్పుడు మా అమ్మ పురిటికి వెళితే మూడు నెలలు నన్ను చూసుకున్నది ఆవిడే. ఇన్నేళ్ళలో నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. రేడియో వాళ్ళకు ఫోన్ చేసి ఆ పాట కాపీ ఇస్తారా అని అడిగాను. అలా ఇవ్వడం కుదరదని, మళ్ళీ ఎప్పుడైనా వేస్తే చెబుతామని మర్యాదగానే చెప్పారు. అంటే ఆవిడ వినడానికి ఉన్నది ఆ మంగళవారం మధ్యాహ్నం ఒక్కటే.

సోమవారమే కొట్టు మూసి, ఉన్నవాటిలో మంచి సెట్టు ఒకటి తువ్వాలులో చుట్టుకుని, బండి మీద బయల్దేరాను. పెట్టెలో కొత్త బ్యాటరీలు రెండు జతలు. ఊరు చేరి మొదట ఎఫ్ఎం చూశాను. కొండ అడ్డం, మన స్టేషన్ రాలేదు. ముల్లు ఇంకాస్త జరిపితే అవతలి రాష్ట్రం నుంచి ఒడియా పాట మాత్రం చక్కగా వచ్చింది. అత్త గుమ్మంలోంచి చూసి, "ఇదేటిరా, నాను పాడింది ఒడియాలోనేటి?" అంది. చాలా రోజులకు ఆవిడ వేళాకోళం విన్నాను.

మీడియం వేవ్ పెట్టాను. స్టేషన్ స్పష్టంగా వచ్చింది గానీ కింద బుర్రుమని రొద. ఇంట్లో ఉన్న బల్బులన్నీ కట్టేయించాను, టీవీ వైరు పీకేయించాను. కొంత తగ్గింది. మర్నాడు మధ్యాహ్నం జట్టు అత్తవాళ్ళ మడిలోనే ఉంటుందని, కార్యక్రమం అక్కడే వింటామని అందరూ అన్నారు. మడికి వెళ్ళి చూశాను. ఆ పక్కనే మోటార్లకు వెళ్ళే కరెంటు లైను. త్రీఫేజు వచ్చే వేళ కూడా మధ్యాహ్నమే. లైనుకు దూరంగా, మడికి అటు చివరి గట్టు మీద సెట్టు పెట్టి, కూర్చుని, లేచి, తిప్పి, ఒక చోటు కుదుర్చుకున్నాను. అక్కడ రొద లేదు. విశాఖ గొంతు నూతిలోంచి వచ్చినట్టు కాకుండా ఎదురుగా నిలబడి మాట్లాడినట్టు వచ్చింది. సెట్టు పెట్టాల్సిన చోట పుల్ల గుచ్చి గుర్తు పెట్టాను. ఫోను తీసి చూస్తే అదే గట్టు మీద రెండు గీతల సిగ్నల్ కూడా ఉంది. సెట్టు మొరాయిస్తే పాచి రేడియో ఉండనే ఉంది అనుకున్నాను. రికార్డు చేయడానికి మా ఆవిడ ఫోను కూడా పట్టుకెళ్ళాను. ఇంత చేశాక ఇంకేం తప్పుతుందనే ధీమా నాది.

మంగళవారం పన్నెండు దాటాక సెట్టును పుల్ల గుచ్చిన చోట పెట్టాను. మా ఆవిడ ఫోను దాని పక్కన రికార్డులో పెట్టాను. నా ఫోనులో యాప్ పెట్టి, వినబడీ వినబడనట్టు తగ్గించి, చొక్కా జేబులో వేసుకున్నాను. జట్టు బురదలోంచి వచ్చి గట్టు మీద వరసగా కూర్చుంది. మహిళల కార్యక్రమం మొదలైంది. మొదట ఒకావిడ రాగి దోసె గురించి చెప్పింది. చెప్పింది, ఇంకా చెప్పింది. రాగులు ఎంతసేపు నానాలో చెప్పి, మినప్పప్పు ఎంతసేపు నానాలో మొదలుపెట్టింది.

"ఓలమ్మ, ఇదేటి ఈవిడ పిండి రుబ్బేదాకా ఒగ్గేలా నేదు," అంది చిన్నత్త లేస్తూ. "పాట వచ్చినప్పుడు ఇనొచ్చు గానీ పదండే, నారు ఎండిపోతాది."

పదకొండు మందీ మళ్ళీ మడిలోకి దిగి వంగారు. అత్త మాత్రం కాళ్ళు కడుక్కుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, సెట్టు పక్కన గట్టు మీదే కూర్చుంది. మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టుకుని, కొత్తగా వచ్చిన పంతులమ్మ ముందు కూర్చున్నట్టు కూర్చుంది.

దోసె అయింది. అనౌన్సరు ఉభాల పాట అంది, ఊరి పేరు చెప్పింది, అత్త పేరు చెప్పింది. మడిలో అందరూ నడుం ఎత్తి నవ్వారు. అత్త కదల్లేదు.

మొదటి ముక్క వచ్చింది. నేను మరిచిపోయిన గొంతు అది. అంత నిండుగా ఉండేదా అనుకున్నాను. కొండ అడ్డం లేదు, రొద లేదు, మీడియం వేవ్ నా మాట నిలబెట్టింది. అత్త వేళ్ళు మోకాలి మీద బిగుసుకున్నాయి.

రెండో ముక్క వచ్చేసరికి మడిలో అటు చివర ఎవరో సన్నగా తిరిగి అన్నారు. మూడోదానికి ముగ్గురు. నాలుగోదానికి పదకొండు మందీ వంగి, చేతిలో నారు విడదీసుకుంటూ, బురదలో ఒక్క అడుగు వెనక్కి వేస్తూ, గొంతెత్తి అనేస్తున్నారు. రెండు వారాలుగా పాట లేకుండా నాటుతున్న జట్టు. పాట ఎత్తడం వినబడింది, వంగి ఉన్నారు, చేతిలో నారు ఉంది. ఆగమని వాళ్ళకెవరూ చెప్పలేదు, వాళ్ళకూ తోచలేదు.

ఇక్కడే నాకు ఖాళీల సంగతి గుర్తొచ్చింది. అత్త పాడినప్పుడు జట్టు తిరిగి అనడానికి పట్టేంత సేపు ఆగింది. రేడియో వాళ్ళు ఆ ఖాళీలు కత్తిరించేశారు. ఆవిడ ముక్క అవగానే చిటికెలో తరవాతి ముక్క వచ్చేస్తోంది. జట్టు మాత్రం బురదలో కాలు తీసి కాలు వేసే నిదానంలో పూర్తిగా అంటోంది. దాంతో ఆవిడ ఎత్తిన ప్రతి ముక్క మీదా వీళ్ళ పదకొండు గొంతులూ పడిపోతున్నాయి. సెట్టులోంచి ఏదో శబ్దం వస్తోందని తెలుస్తోంది, అంతే.

అత్త చేయి ఎత్తి ఊరుకోండే అన్నట్టు ఆడించింది. వంగి ఉన్నవాళ్ళకు కనబడదు. ఊరుకోండి అని అరవబోయింది. అరవడానికి గొంతు ఏది? నేను లేచి చేతులు ఊపుతూ అరిచాను. ఒకామె తలెత్తి నన్ను చూసి, పాట బాగుందంటున్నాననుకుని నవ్వి, ఇంకా గట్టిగా అంది. సెట్టు గొంతు పెంచాను. చిన్న స్పీకరు, గరగరమంది. తగ్గించాను. మళ్ళీ పెంచాను. నా పనితనం అంతా అక్కడే తేలిపోయింది.

చివరి ముక్క వచ్చింది. అది అత్త స్వయంగా కట్టుకున్న మాట. మడి నిండె మరదలా, గట్టెక్కి రాయే. ఉభాల్లో ఆ ముక్క ఎత్తాక జట్టు తిరిగి అంటేనే పని ముగిసినట్టు. అనకుండా ఎవరూ గట్టెక్కరు. పదకొండు మందీ నోరారా అని, నడుములు నిలబెట్టారు.

"ఎంత బాగా పాడినావే!" అంది చిన్నత్త అక్కడినుంచే.

అత్త ముఖం చూసి ఆగిపోయింది.

"పాడినానని నువ్వు సెప్తావేటి," అంది అత్త. ఆ బొంగురు గొంతులో ఆ మాట కష్టం మీద బయటికొచ్చింది. "నాను ఇన్నానేటి? ఒక్క ముక్క ఇన్నిచ్చినారేటే నన్ను?"

ఆవిడ ఏడుస్తోంది. నేను ఆవిడ ఏడవగా చూసింది లేదు, మా మావయ్య పోయినప్పుడు కూడా పనుల్లో పడి తిరిగింది. నాకు పిచ్చి కోపం వచ్చింది. "కాసేపు నోరు కట్టుకోలేరా మీరు?" అని జట్టు మీద అరిచాను. రికార్డు పెట్టిన ఫోను తీసి చూశాను, దాన్నిండా వీళ్ళ గోలే.

"ఎత్తిన పాట అనకుండా ఎలగుంటాం బావూ," అంది చిన్నత్త. "నోరు ఆగనేదు. నిజంగా ఆగనేదు."

అప్పుడు నా జేబులోంచి సన్నగా పాట వినబడింది. నేను దాన్ని పూర్తిగా మరిచిపోయాను. నిమిషం పైన వెనకబడి నడిచే పాచి రేడియోలో పాట ఇంకా అవలేదు. సెట్టు కట్టేసి, ఫోను బయటికి లాగి, గొంతు పూర్తిగా పెంచి, అత్త ముందు పట్టుకున్నాను. "అత్తా, ఇందులో ఇంకా ఉంది, విను, బేగి విను."

ఇంకా మూడు ముక్కలు మిగిలాయి.

మడిలో ఒక్కరు కదల్లేదు. చిన్నత్త బురద చేత్తోనే నోరు మూసుకుంది. ఇంకొకామె కొంగు పళ్ళ మధ్య బిగించింది. అత్త ఫోను దగ్గరికి వంగి వింది. మొదటి ముక్క. రెండోది. ఎంత స్పష్టంగా వచ్చిందంటే, మధ్యలో ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. మీడియం వేవ్‌లో అది వినబడి ఉండేది కాదు, నేనిప్పుడు ఒప్పుకుంటాను. మిగతావాళ్ళ పెదాలు కదులుతూనే ఉన్నాయి, శబ్దం మాత్రం రానివ్వలేదు. అత్త ముఖంలో ఏముందో నాకు అంతుపట్టలేదు. వేరే ఊరినుంచి వచ్చిన మనిషిని చూస్తున్నట్టు చూస్తోంది ఆ ఫోనును.

మడి నిండె మరదలా, గట్టెక్కి రాయే.

ఆ ముక్క అవగానే చిటికెలో అనౌన్సరు వచ్చేసింది. ఇంతవరకు మీరు విన్నది అంటూ ఊరి పేరూ అత్త పేరూ మళ్ళీ చెబుతోంది. ఎవరూ ఆ ముక్కను తిరిగి అనలేదు. అనకూడదని వాళ్ళకు గట్టిగా భయం పట్టుకుంది. మడిలో అందరూ అలాగే నిలబడి ఉన్నారు.

అత్త తలెత్తి వాళ్ళవైపు చూసింది. తరవాత ఆ అనౌన్సరు మాటల మీదుగా, తనే ఆ ముక్కను తిరిగి అంది. మడి నిండె మరదలా అంది. గొంతు రెండుగా చీలింది. గట్టెక్కి దగ్గర అసలు రానే రాలేదు, గాలి ఒక్కటే వచ్చింది. అయినా చివరిదాకా అంది. తన పాటకు తానే వంత పాడింది. నేను ఫోను కట్టేశాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

అత్త అన్నది వంత. మడిలో ఉన్న పదకొండు మందికి అది వంతలా వినబడలేదు. వాళ్ళకు అలవాటైన గొంతు, ఎప్పుడూ ముందు వచ్చే గొంతు, ఒక ముక్క అని ఆగింది. చిన్నత్త నోటి మీదినుంచి చేయి తీసింది. పదకొండు మందీ కలిసి తిరిగి అన్నారు.

అత్త ముక్కు చీది, కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది.

"అప్పుడే గట్టెక్కేద్దామనేటి? సగం మడి అలగే ఉన్నాది, కనబడ్నేదా మీకు?" అని చీర ఎగదోపుకుని బురదలోకి దిగింది. ఒకామె చేతిలోంచి నారు లాక్కుని, వంగి, వేరే పాట ఎత్తింది. రెండో మాట దగ్గర గొంతు తెగిపోయింది. జట్టు అక్కడిదాకానే తిరిగి అని, ఆవిడ కోసం ఆగింది.